నాలుగు వేళ్ళ వెలితి

పీపా బరువు కట్టే లెక్క బతుకులో ఎవరికి పనికొస్తుందన్న సందేహం దేవేంద్రప్పను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. వేరుశనగ నూనె ఎంత తూగుతుంది? “రేపు చెప్తా అయ్యోరూ,” అని బళ్ళో లాజరు పంతులు దగ్గర తప్పించుకున్నాడు. ఆ రేపు రానేలేదు.

1943 మే. ఎర్రగుంట్ల స్టేషను. పగలు పదకొండూ యాభై. కాటా గుమాస్తా మహానంది గొంతు తెగి పడి ఉన్నాడు. పిడికిట్లో చీటీ: ‘నూనె పీపాలు రెండు. 552 పౌండ్లు. 597 పౌండ్లు.’

మామిడిపళ్ళ వ్యాపారి వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ దేవేంద్రప్ప చీటీ చదివి మందుగుండు రైలు వైపు పరుగెత్తాడు. అతనికి అందిన కబురు ప్రకారం ఆ రెండు పీపాల్లో ఒకదానిలో జర్మన్ ముఠా టైంబాంబు ఉంది. పన్నెండుకు పేలుతుంది. రైల్లో మూడు వందల మంది సిపాయిలు.

వ్యాగన్‌లో అంజనమ్మ నిలబడి ఉంది. నాటకాల కంపెనీ అందగత్తె. రెండు పక్షాలకూ గూఢచారి.

“కాయ మాగిందా?” కోడ్ అడిగాడు.

“దోరగా ఉండాది. తేలిక పీపాలోనే అప్పా బాంబు! నూనె తీసి పెట్టినారు. లెక్క కట్టుకో.”

కట్టాడు. రెండు పీపాలూ బళ్ళో లెక్కలోని కొలతలే. తొమ్మిదిన్నర ఘనపుటడుగులకు కాస్త తక్కువ. అడుగుకు యాభై ఏడు చొప్పున నూనె 537. ఇనుప పీపా 60. మొత్తం 597. సుద్దతో 597 అని రాసిన పీపా సరిగ్గా ఉంది.

తుపాకీ పేలింది. దేవేంద్రప్ప భుజం చీలింది. గుమ్మంలో గని ఇంజనీరు వేషంలో ముఠా నాయకుడు హెల్మర్! దేవేంద్రప్ప మామిడిపళ్ళ బుట్టలో దాచిన తుపాకీతో బుట్టలోంచే కాల్చాడు. హెల్మర్ దవడ ఎగిరిపోయింది. నెత్తురూ మామిడి రసమూ కలిసి పారాయి.

పదకొండూ యాభై తొమ్మిది. ఇక ఒక్క పీపాకే వ్యవధి. తేలిక పీపా కింద గడ్డపార పెట్టి ఆగాడు.

ఈ ఎండలకు నూనె పొంగుతుందని కడప సీమలో పీపాకు నాలుగు వేళ్ళు వెలితి ఉంచుతారు. అంటే మూడంగుళాలు, పన్నెండో వంతు, నలభై ఐదు పౌండ్లు. 597లో అవి తీసేస్తే 552! అంటే అసలు నూనె పీపా తేలికదే. పుస్తకం చూసి బాంబు పీపాకు అంచుదాకా తూకం సరిపెట్టాడు హెల్మర్. దేవేంద్రప్ప గడ్డపార లాగి బరువు పీపా వైపు కదిలాడు.

“యాడికి పోతాండావు? తేలికదే దొర్లించు!” అంజనమ్మ చేతిలో చిన్న పిస్తోలు.

“నూనె అమ్మే ఇంట్లో పుట్టింటే ఈ మాట చెప్పవు తల్లీ.”

ఆమె కాల్చింది. అతని చెవి తెగింది. “నరసింహా!” అని బరువు పీపాను మీటాడు. అది ఆమెను ఈడ్చుకుని పక్కనున్న నాపరాతి గనిలోకి దొర్లింది. గని బద్దలైంది. ఆమెను తప్పించగలిగేవాడేమో, అది అహోబిలం స్వామికే తెలియాలి.

నెల తర్వాత, భుజానికి కట్టుతో, దేవేంద్రప్ప లాజరు పంతులు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఐదు నూర్ల ముప్పై ఏడు పౌండ్లు, అయ్యోరూ.”

ముసలాయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. “జవాబు ఒప్పే. చేసిన విధం యాడరా?”

“అది సర్కారు రహస్యం, అయ్యోరూ.”