డెబ్బై దాటిన గూడ

తాడిజోడుగూడ అనే కొండపల్లెకు నూటికి డెబ్బై మూడు మార్కులు వచ్చాయని తెర మీద చూడగానే డాక్టర్ విదుల కుర్చీలోంచి లేచి నిలబడింది. పదేళ్ల శ్రమ ఫలించింది!

మార్కులిచ్చింది ఆమె కనిపెట్టిన ప్రగతిమాపకం. అరచేతిలో ఇమిడే పెట్టె. ఏజెన్సీ కొండల్లో సవర గిరిజనుల ప్రతి ఇంట్లోనూ పొయ్యికి పైన ఒకటి బిగించారు. ఎంత అన్నం ఉడికిందో, మాంసం వండారో లేదో, ఎందరు వచ్చిపోయారో దాని సెన్సర్లు ఆవిరినీ అలికిడినీ బట్టి పసిగడతాయి. డెబ్బై దాటిన గూడ బాగుపడినట్టే. అక్కడి మందుల వ్యాను మరో గూడకు వెళ్లిపోతుంది. ఇంత తెలివైన యంత్రానికి మనుషుల్ని అడిగే అలవాటు మాత్రం లేదు.

వ్యాను వెళ్లిపోయిన వారానికి, గూడవాళ్లను అభినందిద్దామని విదుల కొండెక్కింది. డప్పులు మోగుతున్నాయి. చుట్టాలు బియ్యం మూటలు దింపుతున్నారు. ఎండమ్మ అనే ముసలామె ఇంటిముందు దున్నపోతు మాంసం ఉడుకుతోంది.

"ఏం పండగ అవ్వా?"

"పండగేటమ్మా! నెల్రోజులబట్టి ఇంటికోరోజు సచ్చినోల్లకి కూడెడతన్నాం. నిరుడు మందులబండి రాకముందు జొరాలకి పదకొండుమంది పోనారు. నా కొడుకూ కోడలూ ఆల్లలోనే ఉన్నారు."

విదులకు విషయం అర్థమైంది. యంత్రం ఇన్నాళ్లూ చావుకూడు చూసి మురిసిపోయింది.

"ఈ నెలకు ఆపండవ్వా. మార్కులు తగ్గితే వ్యాను మళ్లీ వస్తుంది."

ఎండమ్మ పక్కనున్న ఆరేళ్ల మనవరాలు సుక్కిని దగ్గరికి లాక్కుంది. "ఆపితే సచ్చినోల్లు ఆకలికి తాళలేక ఈ గుంటనే అట్టుకుపోతారు. నాకింకెవరున్నారమ్మా?"

విదుల తిరిగొచ్చి, లెక్క తప్పిందని వ్యాన్లు పంపే అధికారికి ఉత్తరం రాసింది.

అది చదివి ఆయన ఫోన్లో నవ్వాడు. "మనుషులు అబద్ధమాడతారు, యంత్రం ఆడదని పదేళ్లుగా చెప్పింది మీరే కదండీ!"

వానలు పడ్డాయి. జ్వరాలు మళ్లీ వచ్చాయి. వ్యాను రాలేదు. సుక్కిని మంచం మీద మోసుకుని కొండ దిగుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. కబురు విని విదుల ఏడ్చింది. ఆ పాపం తనదేనని ఆమెకు తెలుసు.

నెల తిరిగాక అధికారి ఫోన్ చేశాడు.

"శుభవార్త మేడమ్! తాడిజోడుగూడకు తొంభై ఒకటి. నాలుగు గూడల జనం ఒకే ఇంట్లో భోంచేశారట. రాష్ట్రంలో అంతగా బాగుపడిన ఇల్లు మరొకటి లేదు. ఇంటావిడ ఎవరో ఎండమ్మట. అవార్డు మీ చేతులమీదుగానే ఇప్పిద్దామనుకుంటున్నాం."