మాస్టారి పేరుతో వచ్చిందెవరు?

బెజవాడ పటమటలో మందుల షాపు మీద ఉన్న డిటెక్టివ్ శాంభవి ఆఫీసుకి హైమవతి వచ్చింది. అసిస్టెంట్ అనంతకృష్ణ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు.

"మా ఆయన పేరుతో ఎవరో జవాబులు రాస్తున్నారండీ," అంది. "ఆయనకేమో మాట పడిపోయింది. కుడిచెయ్యి లేవదు."

ఆవిడ భర్త అచ్యుతరామారావు రిటైరైన తెలుగు మాస్టారు. పద్యం చదవడం నేర్పడంలో బెజవాడ చుట్టుపక్కల ఆయనకి పేరుంది. మేనల్లుడు ప్రణవ్ గుణదలలోని ఆ ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, ఆయన కోసం 'పద్యశాల' అనే వెబ్‌సైట్ నడుపుతున్నాడు. శిష్యులు పద్యం చదివి రికార్డు చేసి అందులో పెడితే, మాస్టారు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లి తప్పులు దిద్దేవారు. వేసవిలో పక్షవాతం వచ్చాక ఆ దిద్దుబాట్లు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ మొదలయ్యాయి.

"అందరికీ ప్రణవ్ మీదే అనుమానం. సైట్ తాళాలన్నీ వాడి దగ్గరే ఉన్నాయిగా! 'మంచాన పడ్డ మనిషి పేరు వాడుకుంటావా' అని ఒకాయన మొహమ్మీదే అనేశాడు. అప్పట్నుంచి వాడు మా గడప తొక్కలేదు. వాళ్ల మావయ్యని లేపి కుర్చీలో కూర్చోబెట్టేది వాడేనండీ. ఆయన పొద్దస్తమానం గుమ్మం వైపే చూస్తున్నారు." హైమవతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆదివారం సైట్ మూసేద్దామనుకుంటున్నా."

"ఆదివారం సాయంత్రం దాకా ఆగండి," అంది శాంభవి.

ప్రణవ్ శాంభవిని, అనంతకృష్ణని ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర కలిశాడు. నిద్రలేని కళ్లు.

"ఈ మధ్య సైట్‌లో ఏమైనా మార్చారా?"

"లాగిన్ మార్చానండీ. పెద్దవాళ్లు పాస్‌వర్డ్‌లు మర్చిపోతున్నారని, మెయిల్ ఖాతాతోనే లోపలికి వచ్చేలా ఒక బటన్ పెట్టాను. అది నొక్కితే మెయిల్ కంపెనీ 'ఈ మనిషి నాకు తెలుసు, అడ్రస్ ఇదీ' అని మా సైట్‌కి చెబుతుంది. ఆ అడ్రస్ ఏ సభ్యుడిదైతే, ఆ సభ్యుడిగా లోపలికి వదులుతుంది."

"పాత పాస్‌వర్డ్ అడగదా?"

"అడగదు. అదే కదా సుఖం!"

"మాస్టారి పేరుతో వచ్చే మనిషి ఏ దారిన వస్తున్నాడు?"

"ప్రతిసారీ కొత్త బటన్ నుంచేనండీ. పాస్‌వర్డ్ దారిలో ఒక్కసారి కూడా రాలేదు."

"మాస్టారి ఖాతాలో ఉన్న మెయిల్ అడ్రస్ ఏమిటి?"

"'పద్యసుధ' అని ఉంటుంది. సైట్ కట్టినప్పుడు మావయ్యే ఫోన్లో చెప్పాడు."

అక్కడి నుంచి శాంభవి వెళ్లి మాస్టారి శిష్యురాలు సాయిశ్రీని కలిసింది. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్.

"నాకైతే భయం లేదండీ," అంది సాయిశ్రీ. "ఆ దిద్దుబాట్లు మాస్టారివే అన్నంత బాగుంటాయి. ఒక్కటే తేడా. ఇదివరకు పాదంలో యతి వచ్చిన చోట ఆగకపోతే ఊరుకునేవారు కాదు. ఇప్పుడేమో, అర్థం పూర్తయిన చోటే ఊపిరి తీసుకోమంటున్నారు. జబ్బు చేశాక మనసు మార్చుకున్నారేమో అనుకున్నా."

శాంభవి బయటికి వస్తూనే హైమవతికి ఫోన్ చేసింది. "మాస్టారికి మెయిల్ వాడటం వచ్చా అండీ?"

"అయ్యో, ఆయనది బటన్ల ఫోనండీ. ఆ మెయిలేదో అప్పట్లో ఎవరో పెట్టిచ్చారు."

"అప్పట్లో ఆయన ఎక్కువగా ఎవరితో తిరిగేవారు?"

"కంకిపాడు దుర్గాప్రసాద్ గారితో. ఒకరు లేకుండా ఇంకొకరు సభకి వెళ్లేవారు కాదు. తర్వాత ఏదో సభలో పద్యం దగ్గరే మాటా మాటా అనుకున్నారు. అంతే, మళ్లీ మా ఇంటికి రాలేదాయన."

మర్నాడు కంకిపాడులో దుర్గాప్రసాద్ శాంభవిని, అనంతకృష్ణని వరండాలో కూర్చోబెట్టి, ఇంట్లోకి కేకేసి మజ్జిగ తెప్పించాడు. పొలం పనులు కొడుకుకి అప్పగించిన పెద్దరైతు. శాంభవి తనకి పద్యం చదవడం నేర్చుకోవాలనుందని చెప్పి, చిన్నప్పుడు బడిలో నేర్చిన పద్యమొకటి చదివింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"యతి కోసం మాటని నడిమికి విరగ్గొట్టకమ్మా. అర్థం ఎక్కడ పూర్తయితే అక్కడ ఊపిరి తీసుకో."

అనంతకృష్ణ చేతిలో గ్లాసు ఆగిపోయింది. శాంభవి మాత్రం మామూలుగా, "మేం గుణదల మాస్టారి ఇంటి నుంచి వచ్చామండీ," అంది.

దుర్గాప్రసాద్ మొహం మారిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "చెయ్యి ఏమన్నా కదులుతోందా?" అని అడిగాడు.

"మీరే వచ్చి చూడండి. ఆదివారం సాయంత్రం. మీరు రాకపోతే ఆ సైట్ మూసేస్తారు. దాంతోపాటు ప్రణవ్ పరువు కూడా పోతుంది."

ఆదివారం సాయంత్రం మాస్టారి కుర్చీ చుట్టూ అందరూ చేరారు. ప్రణవ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. దుర్గాప్రసాద్ ఓ మూల కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ దొంగ లేడు," అంది శాంభవి. "ప్రణవ్ అయితే తాళాలన్నీ తన దగ్గరే ఉండగా కొత్త బటన్ నొక్కాల్సిన పనే లేదు. వచ్చిన మనిషికి మాస్టారి పాస్‌వర్డ్ తెలియదు. కానీ మాస్టారి ఖాతాలో రాసి ఉన్న మెయిల్ మాత్రం ఆ మనిషిదే. పద్యం బాగా తెలిసినవాడు, యతి దగ్గర మాస్టారితో ఒప్పుకోనివాడు. స్నేహితుడికి మెయిల్ లేదని తనది ఇచ్చినవాడు."

దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ. ఇద్దరికీ కలిపి నేనే పెట్టాను ఆ మెయిలు. మెయిల్‌తో లోపలికి రావచ్చని సైట్ మీద కనిపిస్తే, పిల్లల పద్యాలు విందామని నొక్కా. 'అచ్యుతరామారావు గారికి స్వాగతం' అంది. కట్టేద్దామనే అనుకున్నా. చూస్తే పిల్లలు నెలల తరబడి అడిగి అడిగి ఊరుకున్నారు. 'మాస్టారూ, ఒక్క మాట చెప్పండి' అని ఒకరు. ప్రాణం ఒప్పలేదు. నా పేరు పెడితే వీడికి కోపం వస్తుందని..." ఆయన మాస్టారి మీంచి చూపు తిప్పి ప్రణవ్ వైపు తిరిగాడు. "నీ మీదకి వస్తుందని తెలీదు నాయనా. నన్ను క్షమించు."

"తప్పు నాదీ ఉందండీ," అన్నాడు ప్రణవ్. "మెయిల్ కలిసినంత మాత్రాన తలుపు తీయకూడదు. మొదటిసారి పాత పాస్‌వర్డ్ కూడా అడగాల్సింది. ఈ రోజే సరిచేస్తాను. మీకు మీ పేరుతోనే వేరే ఖాతా పెడతాను."

"అక్కర్లేదులే. ఇంక రాయను."

కుర్చీలోంచి ఏదో గొంతు వినిపించింది. మాటగా రాలేదు. మాస్టారు ఎడమచెయ్యి చాచారు. దుర్గాప్రసాద్ దగ్గరికెళ్లి వంగగానే ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరి కళ్లలోంచీ నీళ్లు కారుతున్నాయి.

సాయిశ్రీ మెల్లగా అడిగింది. "మాస్టారూ, ఇక మాకు ఈయన చెప్పొచ్చా?"

మాస్టారు తల ఊపారు. ప్రణవ్ గుమ్మం దాటి లోపలికొచ్చి, మావయ్య వీపు వెనక దిండు సర్దాడు. హైమవతి వాడి తల నిమిరింది.

చీకటి పడుతుంటే, "బస్సు వెళ్లిపోతుంది, బయల్దేరతా," అన్నాడు దుర్గాప్రసాద్. మాస్టారు చెయ్యి వదల్లేదు. ఆయన లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నారు. దుర్గాప్రసాద్ రెండో చేత్తో జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"ఒరే, నాకోసం అన్నం పెట్టుకుని కూర్చోకండి. నేనిక్కడే ఉంటున్నా."

హైమవతి వంటింట్లోకి వెళ్లి మరో గ్లాసు బియ్యం కడిగింది.