జూబల్ పడవకి ఏమైంది?

మా దీవిలో ఆ రేవు ఇంటి వైపు పొద్దు వాలాక ఎవరూ పోయేవాళ్లు కాదు. ఎన్నో ఏళ్లుగా మనిషి లేని ఇల్లు. అయినా లోపల ఎవరో సన్నగా గొణుగుతుంటారని రొయ్యల పడవలవాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడక్కడ రోడ్డు పడింది. నేను మాత్రం ఇంకా చుట్టూ తిరిగే పోతాను... వర్డెల్ చెప్పింది విన్నాక మీరైనా అంతే.

వర్డెల్ మా బడిలో టీచరు. మొండిఘటం. వాళ్ల తాత ఎఫ్రాయిమ్ ఒకప్పుడు మా నల్లవాళ్ల వారపత్రికలో జూబల్ అనే పడవవాడి బొమ్మల కథ గీసేవాడు. పత్రిక ఆఫీసు తగలబడింది, ఒక్క కాగితమూ మిగల్లేదు. పాత బొమ్మల కథలు పోగేసే పెద్దమనుషుల్ని అడిగితే, "అలాంటిదేదీ లేదమ్మా, మీ తాత కోతలు కోసుంటాడు" అన్నారట. ఆ మాట ముల్లులా దిగింది. ఒక్క బొమ్మ దొరికితే తాత పేరు నిలబడుతుందని ఊరూరా తిరిగింది.

చివరికి ఇసెట్టా పెద్దమ్మ నోరు విప్పింది.

"జూబలా? రేవు ఇంటి గోడకి అంటించి ఉన్నాడు కదే."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"నన్నడిగితేగా. పెద్దమనుషుల్ని అడిగావు." ముసలామె గొంతు తగ్గించింది. "గోడలకి పేపర్లు చలి ఆపడానికే అంటించామనుకున్నావా? దెయ్యం మన మీద చెయ్యి వెయ్యాలంటే ముందు గోడ మీది ప్రతి అక్షరం చదవాలి. చదివేలోగా తెల్లారిపోతుంది. ఆ గోడ జోలికి పోకు తల్లీ."

కానీ తెల్లారితే రోడ్డు కోసం ఇల్లు కూలగొట్టడానికి యంత్రం వస్తోంది. వర్డెల్ ఆ రాత్రే బయల్దేరింది. టార్చిలైటు, తడిగుడ్డ, వంటింటి చాకు.

గోడ నిండా పత్తి ధరలు, చావు కబుర్లు, జుట్టు నూనె ప్రకటనలు... వాటి మధ్య, పడవలో జూబల్. కింద తాత సంతకం. నిలబడే ఏడ్చేసింది.

గుడ్డతో తడుపుతూ అంచు లేపుతోంది. మైదా జిగురు మెల్లగా వదులుతోంది. అప్పుడు వినబడింది... గది అవతలి మూల నుంచి, కొత్తగా చదువు నేర్చినవాళ్లు కూడబలుక్కుంటూ చదివినట్టు —

"ప... త్తి... ధ... ర..."

వర్డెల్ చెయ్యి ఆపలేదు. గొంతు గోడ వెంబడే దగ్గరకొస్తోంది. చావు కబుర్లు దాటింది. జుట్టు నూనె దాటింది. కాగితం ఊడి వర్డెల్ చేతిలోకొచ్చింది. చివరి బొమ్మలో నీళ్లలోంచి పెద్ద చెయ్యి లేచి పడవని పట్టుకుంది. దాని కింద, 'మిగతాది వచ్చే వారం.'

గొణుగుడు ఆగిపోయింది.

అంతా చదివేసింది — అనుకుంది వర్డెల్. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"తర్వాత... ఏమైంది?"

వర్డెల్‌కి తెలుసు. ఆ కథ ముగింపు వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పింది. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే... ఇక దానికి మిగిలేది తనే.

"వచ్చే వారం," అంది.

మెడ మీది ఊపిరి కొద్దిగా వెనక్కి తగ్గింది.

"...సరే."

ఆ కాగితం ఇప్పుడు వర్డెల్ ఇంట్లో అద్దం బిగించిన ఫ్రేములో ఉంది. కోతలన్న పెద్దమనుషులే వచ్చి మర్యాదగా టోపీలు తీశారు. మొన్న నేనూ వెళ్లి చూశాను. పక్క గోడ నిండా కొత్త జూబల్ బొమ్మలే, వర్డెల్ గీసినవి. కథ మాత్రం ఎక్కడా ముగియలేదు.

"జ్వరంలో కూడా గీశావటగా. ఎవరు చదువుతారే ఇవన్నీ?" అని నవ్వాను.

తను నవ్వలేదు. "వారం వారం వచ్చి చదివేది అదే. మా తాతని ఇన్నేళ్లూ మర్చిపోనిది ఆ దెయ్యమొక్కటే అన్నా. ఒక్కోసారి జాలేస్తుంది." తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఈమధ్య నా చెయ్యి వణుకుతోంది. నీకు బొమ్మలు గీయడం వచ్చా?"