దొర బూట్లు

2002లో రొయ్యల చెరువు లోతు చేస్తుంటే పొక్లెయిన్‌కి ముందు రేకు తగిలింది. తర్వాత అస్థిపంజరం బయటపడింది.

రేకు యుద్ధకాలంలో, 1944లో, భీమవరం దగ్గర ఈ పొలాల్లో గత్యంతరం లేక దిగిన బాంబర్ విమానానిది. అస్థిపంజరం కాళ్ళకి తోలు బూట్లున్నాయి. పుర్రె వెనక చీలిక ఉంది.

చెరువు యజమాని పెద్దిరాజుకి ఎనభై ఏళ్ళు. సీఐ జానకిరామ్ అడగ్గానే తడుముకోకుండా చెప్పాడు.

"ఆ దొర దిగేటప్పుడే దెబ్బ తగిలి పోయాడండి. నా చేతుల్తోనే పాతిపెట్టాను. యుద్ధం రోజులు కదా, బయటికి చెప్పలేదు."

"మిగతావాళ్ళు?"

"ముసలయ్య అనే జాలరి పడవలో దాటించాడండి. తర్వాత వాళ్ళు అతన్ని విమానానికి కాపలా పెడితే, సామాను పట్టుకుని పారిపోయాడు."

రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెప్పే మంజుష ఆరేళ్ళుగా ఈ విమానం గురించే తిరుగుతోంది. రికార్డుల్లో దాదాపు ఏమీ లేదు. నలుగురు సిబ్బందిలో ఒకడి ఆచూకీ ఆమెకి దొరకలేదు. బూట్లు చూడగానే ఆ నాలుగోవాడే అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎముకల్ని మర్నాడే యుద్ధవీరుల శ్మశానానికి పంపే ఏర్పాట్లు మొదలయ్యాయి.

ఒక్క మనిషి మాత్రం చెరువు గట్టు వదల్లేదు. ముసలయ్య భార్య రత్తమ్మ. యాభై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో ఆమెది 'దొంగ ఇల్లు'. ఆ పేరు మోస్తూనే చేపలమ్ముకుని బతికింది. ఒక్కసారి చూడనివ్వమని అడిగితే, దొరతో నీకేం పనని పెద్దిరాజు మనుషులు కసిరారు.

జానకిరామ్‌కి మనసు చివుక్కుమంది. అతనిదీ ఉప్పాడ జాలరి ఇల్లే. ఎముకల పెట్టెకి మూత బిగించే ముందు పుర్రెని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి బూట్ల వైపు చూడలేదు.

తెల్లవారాక అందర్నీ చెరువు దగ్గరికి పిలిపించాడు.

"మంజుష గారూ, ముందుపళ్ళు చూడండి. ఏం కనిపిస్తోంది?"

"బాగా అరిగాయండి. గాడి పడింది."

"విసురువల వేసేవాడు వల అంచుని పళ్ళతో కరిచి పట్టుకుంటాడు. ఏళ్ళ తరబడి తడి దారం లాగితే పన్ను అలా కోసుకుపోతుంది. మా నాన్న నవ్వితే ఆ గాడే కనిపించేది. బూట్లు చూసి అందరం దొరే అనుకున్నాం, నాతో సహా."

జానకిరామ్ పుర్రెని వెనక్కి తిప్పి చూపించాడు.

"పుర్రె వెనక ఉన్నది కత్తి వేటు. పెద్దిరాజు గారూ, మీ చేతుల్తోనే పాతిపెట్టానన్నారు. జాలరికి దొర బూట్లు ఎవరు తొడిగారండి?"

 విమానంలో తుపాకులు తను తీయబోతే ముసలయ్య అడ్డుపడ్డాడని, దొరలకి మాటిచ్చానన్నాడని, ఆ కోపంలో కత్తితో వేటు వేశానని పెద్దిరాజు నసిగాడు. ఎప్పుడైనా ఎముకలు బయటపడితే దొరవే అనుకుంటారని, విమానంలో దొరికిన బూట్లు శవానికి తొడిగాడట. కానిస్టేబుల్ అతన్ని జీపెక్కించాడు. మంజుష తన నాలుగో మనిషిని మళ్ళీ మొదటినుంచీ వెతుక్కోవాలి.

రత్తమ్మ ఏడవలేదు. గాడి పడ్డ పన్నుని బొటనవేలితో తడిమింది.  పెట్టెని ముందు ఆస్పత్రికి పంపాలని, వ్యాను గట్టు వెంట దగ్గరి దారిన వెళ్తుందని జానకిరామ్ మెల్లగా చెప్పాడు.

"ఆ దారి వద్దు బాబూ," అంది రత్తమ్మ. "ఊరి నడిబజార్లోంచి తీసుకెళ్ళండి. మా ఆయన ఎక్కడికీ పారిపోలేదని అందరూ చూడాలి."