రెండో వరసలో ఖాళీ

ఆ బడి గురించి ఎవరైనా ముందుగా చెప్పేది దాని వయసు. తర్వాత అందులో చదివి పెద్ద పెద్ద కాలేజీల్లో సీట్లు కొట్టినవాళ్ళ గొప్పలు. ఆ రెండూ అయ్యాక సంప్రదాయాలు మొదలవుతాయి. అవి ఒక పట్టాన తెమిలేవి కావు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి ఏడాది పెద్ద మెట్లు ఎక్కకూడదు, పక్కనున్న ఇరుకు మెట్లే గతి. చదువు ముగించి వెళ్ళేవాళ్ళు తమ టై విప్పి కింది తరగతి పిల్లల్లో ఒకరి మెడలో కట్టి వెళ్ళాలి. భోజనాల గదిలో పెద్ద మాస్టారు చెంచా కింద పెట్టేదాకా ఎవరూ లేవకూడదు. అక్కడ తుమ్మినా దగ్గినా అదొక సంప్రదాయమే అని మా నాన్న నవ్వేవాడు.

మాది ఫొటో స్టూడియో. ఆ బడి వార్షిక ఫొటో మా తాత తీశాడు, మా నాన్న తీశాడు, తర్వాత నేను తీస్తూ వచ్చాను. పిల్లలందరినీ పాత హాల్లో, గోడకి కట్టిన చెక్క మెట్ల మీద వరసలుగా నిలబెడతారు. ఆ ఫొటోకీ ఒక సంప్రదాయం ఉంది. రెండో వరసలో సరిగ్గా మధ్యన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీ అంటే నాకు ఒళ్ళుమంట. ఎంత బాగా తీసినా ఫొటో పన్నూడిన నోరులా ఉంటుంది. "దాని జోలికి పోకు" అని నాన్న ఒక్క ముక్క చెప్పాడు. ఎందుకని అడిగితే, "మీ తాత నాకూ అంతే చెప్పాడు" అన్నాడు. మా ఇంట్లో మాటలు పొదుపు.

ఫొటో అయిపోయాక చేసే పని ఇంకా విచిత్రం. పురాణం మాస్టారని ఒకాయన ఉన్నాడు. ఆ బడిలోనే చదివి, అక్కడే చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. బడి కథ ఎత్తితే ఆపడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆయన ప్రతి ఏడూ ఫొటోకి వస్తాడు. నేను కెమెరా మీంచి తల ఎత్తగానే ఆ ఖాళీ వైపు చూసి, "చాలమ్మా, ఇక దిగు" అంటాడు. అప్పుడే పిల్లలు దిగాలి. పెద్దాయన చాదస్తంలే అని నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

ఈ ఏడు మా అమ్మాయికి ఆ బడిలో సీటు దొరికింది. మనిషి పిట్టంత, నోరు ఊరంత. అందుకే దాన్ని పిచ్చుక అంటాను. యూనిఫాం కోటు వేసుకున్న మొదటి రోజున అద్దం ముందునుంచి కదిలితే ఒట్టు. నిజం చెప్పాలంటే దానికన్నా నాకే గర్వంగా ఉంది. మూడు తరాలుగా ఆ గేటు లోపలికి కెమెరా మోసుకుంటూ వెళ్ళిన ఇంటి పిల్ల, పుస్తకాల సంచితో వెళ్తోంది.

ఫొటో రోజు మధ్యాహ్నం నుంచే వాన. సాయంత్రానికి హాల్లో దీపాలు వేస్తే గాని మొహాలు కనిపించలేదు. తడిసిన ఉన్ని కోట్ల వాసన, చెమట వాసన, పాత చెక్క వాసన కలిసిపోయి గాలి బరువెక్కింది. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. మాస్టారు రాలేదు. వానకి ఎక్కడో ఆగిపోయి ఉంటాడు.

ప్రిన్సిపాల్ కొత్తగా వచ్చినాయన. ఆయన నా పక్కన నిలబడి వరసలు చూశాడు.

"ఆ సందేమిటండీ?"

"సంప్రదాయమండీ."

"ఏం సంప్రదాయం?"

"మాస్టారికి తెలుసు. ఆయనింకా రాలేదు."

"ఈ ఫొటో బడి పుస్తకం అట్ట మీద వేస్తున్నాం. చూసినవాళ్ళు ఎవరో పిల్ల పారిపోయిందనుకుంటారు. పూడ్చేయండి."

నేను ఆయన మాటకి తల ఊపింది భయపడి కాదు. నా కళ్ళు అప్పటికే వేరేచోట ఉన్నాయి. పైన చివరి వరసలో, ఓ మూల, తాటిచెట్టంత కుర్రాడి వెనక మా పిచ్చుక నుదురు ఒక్కటే కనిపిస్తోంది. మొదటి ఏడాది ఫొటో. నా చేత్తో తీస్తున్న ఫొటో. అందులో నా కూతురు కనిపించదు. నడిమధ్యన మాత్రం పీట వేసి ఉంచినట్టు ఖాళీ ఉంది. ఏ ఫొటోగ్రాఫరైనా ఆ పనే చేస్తాడు.

"పిచ్చుకా, కిందికి రా. రెండో వరసలో మధ్యన నిలబడు."

అది ఎగురుకుంటూ వచ్చింది. ఖాళీకి అటూ ఇటూ ఉన్న ఇద్దరమ్మాయిలు మొహాలు చూసుకున్నారు. "అంకుల్, అక్కడ ఎవరూ..." అని ఒకమ్మాయి అనబోయింది. ప్రిన్సిపాల్ చూసిన చూపుకి నోరు మూసుకుంది.

కెమెరాలోంచి చూశాను. పన్నూడిన నోరు పోయింది. మధ్యన మా అమ్మాయి, గడ్డం పైకెత్తి.

"ఎవరూ కదలొద్దు," అన్నాను.

నొక్కాను. ఇంకోటి నొక్కాను. రెండో దానికి ఎక్కడినుంచో జ్వరం మందు వాసన వచ్చింది, ఏళ్ళ తరబడి మూసిన సీసా మూత తీసినట్టు. మూడోది నొక్కబోతుంటే దీపాలు ఆరిపోయాయి.

చిన్నపిల్లలు కేకలు పెట్టారు. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని భోజనాల గదికి పదమన్నాడు. చెక్క మెట్లు దడదడలాడాయి. అడుగుల చప్పుడు వరండాలోకి వెళ్ళి, దూరమై, ఆగిపోయింది. కిటికీల్లోంచి బూడిదరంగు వెలుతురు కాస్త పడుతోంది. నేను తడుముకుంటూ స్టాండు మడుస్తున్నాను.

"నాన్నా..."

రెండో వరసలోంచి.

"ఇంకా దిగలేదా? పద, ఇంటికెళ్దాం."

"దిగనివ్వడం లేదు నాన్నా."

"ఎవరు?"

"పక్కవాళ్ళు. పట్టుకున్నారు."

"ఆటలొద్దు, వాళ్ళనీ దిగమను."

అది వానాకాలంలో తడిసిన కుక్కపిల్ల చేసేలాంటి చప్పుడు చేసింది, అంతే. నా కూతురు అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

కెమెరాకి ఫ్లాష్ ఇంకా తగిలించే ఉంది. మెట్ల వైపు తిప్పి నొక్కాను.

మెట్లన్నీ ఖాళీ. మా అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. అటు ఎవరూ లేరు. ఇటు ఎవరూ లేరు. కానీ దాని కోటు చేతులు రెండూ మోచేతుల పైన లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి... గట్టిగా పట్టుకుంటే గుడ్డ నలిగినట్టు... ఒక్కో చేతికి నాలుగేసి మడతలు.

నేను కెమెరా వదిలేసి మెట్లెక్కాను. నడుం పట్టుకుని లాగాను. దాని ఒళ్ళు కదిలింది, చేతులు కదల్లేదు. ఇంకా లాగితే భుజాలు ఊడతాయనిపించింది. మందు వాసన ముక్కు పగలగొడుతోంది.

"నాన్నా, నొప్పి..."

తలుపు కిర్రుమంది. గొడుగు నీళ్ళు కారుతుండగా మాస్టారు వచ్చాడు. చీకట్లో మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరయ్యా అక్కడ నిలబెట్టింది?" అన్నాడు నెమ్మదిగా.

"నేనే మాస్టారూ. మా అమ్మాయి. రావడం లేదు. ఏదైనా చెయ్యండి మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన మెట్ల దాకా వచ్చాడు. నేను అమ్మాయిని వదిలి ఆయన దగ్గరికి దిగాను. గొంతు తగ్గించి చెప్పాడు. "బడి పెట్టిన ఏడు, మొదటి ఫొటో. ఒక పిల్లకి జ్వరం. అందరూ ఉండాల్సిందేనని పెద్ద మాస్టారు మంచం మీంచి లేపి రప్పించాడు. ఆ రోజుల్లో ఫొటో అంటే చాలాసేపు కదలకుండా నిలబడాలి. పిల్ల తూలిపోతుంటే చెరో పక్కనున్నవాళ్ళని మోచేతులు పట్టి నిలబెట్టమన్నారు. చెప్పేదాకా వదలొద్దన్నారు. ఒకటి సరిగా రాలేదని ఇంకొకటి తీశారు. ఆ పిల్ల మధ్యలోనే పోయింది. పట్టుకున్న పిల్లలకి తెలుసు. తెలిసినా చెప్పేదాకా వదల్లేదు. అంత క్రమశిక్షణ."

"ఎవరు తీశారు మాస్టారూ?" అన్నాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"మీ ముత్తాత," అన్నాడు ఆయన.

ఆయన గొడుగు కింద పెట్టి, రెండు చేతులూ జోడించినట్టు దగ్గరికి చేర్చి, ఆ చోటు వైపు తిరిగాడు.

"చాలమ్మా. ఇక దిగు."

వాన చప్పుడు... ఇంకేం లేదు. తర్వాత ఒక చెక్క కిర్రుమంది. ఇంకోటి. నా అరచేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. మంచుముక్కలా ఉంది. నేను దాన్ని గబుక్కున ఎత్తుకుని, వెనక్కి తిరక్కుండా, కెమెరా సంచి భుజాన వేసుకుని బయటికి పరిగెత్తాను. మాస్టారు వెనకనుంచి ఏదో అన్నాడు. వానలో వినపడలేదు, వినాలనీ లేదు.

స్కూటరు వెనక అది నా నడుం చుట్టూ చేతులు వేసి కూర్చుంది. కాళ్ళు మడవకుండా కిందికి చాపింది, రోడ్డు మీది నీళ్ళలో ఈడ్చుకొస్తున్నాయి. దారి పొడుగునా ఒక్క మాట లేదు. జడుసుకుంది పాపం అనుకున్నాను. రేపే ఆ బడి మాన్పించేస్తానని, వీధి చివర బడికి పంపిస్తానని, అక్కడ సంప్రదాయాలు లేవు, తుమ్మొస్తే తుమ్మడమేనని చెబుతూ వచ్చాను. నా వీపుకి ఆనించిన దాని చెంప వెచ్చబడలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ తల తుడిచింది, పొడి బట్టలు తొడిగింది. బూట్లు విప్పి, "ఏమండీ, పిల్లని ఎంతసేపు నిలబెట్టారు? పాదాలు చూడండి ఎలా ఉబ్బిపోయాయో. మోకాలు కూడా వంగడం లేదు" అని నన్ను కోప్పడింది. కూర్చోబెడితే కూర్చోలేదు. సరేనని వంటింటి గోడకి ఆనించి నిలబెట్టి, ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. అది ఒక్కో ముద్దా ఎన్నాళ్ళనుంచో తిండి చూడనట్టు మింగుతోంది. దాన్ని అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దక్కింది, అదే పదివేలు.

ఫోన్ మోగింది. మాస్టారు.

"ఏమయ్యా," అన్నాడు. ఆయనకి ఊపిరి అందడం లేదు. "అమ్మాయిని వదిలేసి ఎలా వెళ్ళావయ్యా?"

"ఏ అమ్మాయిని?"

"నీ కూతుర్నే. ఇప్పుడే కరెంటొచ్చింది. తాళం వేద్దామని వరండాలోంచి లోపలికొచ్చి చూస్తే మెట్ల మీదే ఉంది. దిగమని ఎన్నిసార్లన్నానో... దిగడం లేదు. ఒళ్ళు కాలిపోతోందయ్యా. ఇదిగో, మాట్లాడు."

ఏదో రాసుకున్న చప్పుడు. తర్వాత ఊపిరి. నాకు తెలిసిన ఊపిరి, చిన్నప్పట్నుంచీ నా పక్కలో విన్నది.

"నాన్నా," అంది పిచ్చుక. "నువ్వెక్కడికెళ్ళిపోయావ్? నేను పిలుస్తూనే ఉన్నాను... నువ్వు ఇంకెవర్నో ఎత్తుకున్నావ్."

వంటింట్లో దీపం కింద గోడకి ఆనుకుని ఉన్న పిల్ల నమలడం ఆపి నా వైపు చూసింది. కళ్ళు మా అమ్మాయివే. ముక్కు మా అమ్మాయిదే.

"ఫోన్ పెట్టేయండి," అంది, చాలా మర్యాదగా. "వాళ్ళు ఎక్కువసేపు పట్టుకోరు. ఒళ్ళు చల్లబడ్డాక వదలమని చెబుతారు."

"ఎవరే వాళ్ళు?" అని మా ఆవిడ నవ్వి, ఇంకో ముద్ద దాని నోటికి అందించింది.