ఒకటి నొక్కండి

"ఈరోజు లిస్టులో మీ పేరు లేదమ్మా. శుక్రవారం రాండ్రి."

కౌంటర్‌లో కూర్చున్న సుమన కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే ఆ మాట అనేసింది. బాలమణికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆత్మకూరులో మొదటి బస్సు పట్టుకుని, కాళ్లు ఉబ్బిన అత్తను ఒక్కో మెట్టూ ఎత్తి ఎక్కించి, వనపర్తి దాకా తీసుకొస్తే లేదట! ఏడాదిగా ప్రతి మంగళవారం, శుక్రవారం ఈ ట్రస్టు సెంటర్‌లోనే పార్వతమ్మకు డయాలసిస్ చేస్తున్నారు. ఆమె కిడ్నీలు ఎప్పుడో చేతులెత్తేశాయి. మిషన్ మీద పడుకోబెడితేనే ఊపిరి. ఇప్పుడు వారానికి ఒక్కసారే అంటే...

"ఎవరు తీసేసిన్రు మా అత్త పేరు?"

"ఎవరూ తియ్యలేదమ్మా. ఎవరికి ఎక్కువ అవసరమో సిస్టమే చూసుకుంటది."

"మా అత్తకు అవసరం లేదని దానికెవరు చెప్పిన్రు?"

సుమన స్క్రీన్ వైపు చూసింది. "మీరే చెప్పిన్రు. సోమవారం సోమవారం ఫోన్ వస్తది గదా, బాగుంటే ఒకటి నొక్కండి, ఆయాసముంటే రెండు నొక్కండి అని. మూడు నెలల సంది మీరు ఒకటే నొక్కుతున్నరు."

బాలమణి వెనక్కి తిరిగింది. పార్వతమ్మ బెంచీ మీద కూర్చుని గోడకేసి చూస్తోంది.

"అత్తా... ఒకటి నొక్కినవా?"

"పొద్దుగాలనే ఫోన్ జేసి, మంచిగున్నరా అని అంత మర్యాదగ అడుగుతది ఆ పిల్ల. ముక్కూమొగం తెల్వని పిల్లకు నా రోగమంత ఏం చెప్తం బిడ్డా? మంచిగున్న అన్న. గంతే."

బాలమణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నామనే కదా మనందరం అంటాం! గుమ్మంలో నిలబడి అడిగినవాళ్లకు గుండెలో ఉన్నదంతా ఎవరు చెబుతారు? ఆ మర్యాద మాటను కంప్యూటర్ ఉన్నదున్నట్టు నమ్మేసింది. పోనీ కంప్యూటర్‌కు తెలియదు, మనుషులకు తెలియదా? సుమన మేనేజర్‌ను అడగమంది. మేనేజర్ టెక్నీషియన్‌ను చూపించాడు. టెక్నీషియన్ మళ్లీ సుమన దగ్గరికే పంపాడు. అందరిదీ ఒకటే మాట, నా చేతిలో ఏమీ లేదని. ఇన్ని చేతులున్న భవనంలో ఒక్కరి చేతిలోనూ ఏమీ లేదట! అలా గంటన్నర తిరిగాక డాక్టర్ రాఘవేందర్ దొరికాడు. ఆయన పార్వతమ్మ వైపు వంగి, "ఎట్లున్నవమ్మా?" అని అడిగాడు.

"మంచిగున్న సారూ. మీరు మంచిగున్నరా?"

బాలమణి తల పట్టుకుంది. "ఆమెను అడగకుండ్రి సారూ. పాణం పోయేటప్పుడు గూడ గదే అంటది. కాలు ఒత్తి చూడుండ్రి."

డాక్టర్ బొటనవేలితో పార్వతమ్మ కాలు ఒత్తాడు. వేలు తీసినా, నీరు పట్టిన కాలి మీద గుంట అలాగే ఉండిపోయింది.

"ఉన్నయే ఎనిమిది మిషన్లమ్మా. మీ అత్తకిస్తే ఇంకొకరికి తియ్యాలె. అందుకే పైనోళ్లు ఈ పద్ధతి పెట్టిన్రు."

"తియ్యాల్నంటే తియ్యుండ్రి సారూ. గని మనిషిని చూసి తియ్యుండ్రి. ఈమెకు వారానికి ఒక్కసారి సాలు అని రాసి, కింద మీ పేరు పెట్టుండ్రి. నేను నోరెత్తకుండ తోల్కపోత. శుక్రవారం లోపల ఈమెకేమన్నయితే నేనెవర్ని అడగాలె? ఆ కంప్యూటర్ వస్తదా మా వాకిట్లకు?"

డాక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. చీటీ మీద పెట్టాడు. ఆ మాట రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. చివరికి, ఈమెను నేను స్వయంగా పరీక్షించాను, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయాలి అని రాసి, కింద తన పేరు పూర్తిగా రాశాడు.

"సిస్టమ్ తీసుకోదు సార్," అంది సుమన భయపడుతూ.

"తీసుకోకపోతే పైనోళ్లను నాతో మాట్లాడమను."

అంతటితో ఆగకుండా ఆయన హాల్లోకి వచ్చి, "ఫోన్‌ల ఒకటి నొక్కుతున్నోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగాడు. కొంచెంసేపటికి కొల్లాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తప్పు చేసినవాడిలా చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. డాక్టర్ స్టూలు లాక్కుని ఒక్కొక్కరి కాళ్లు చూడటం మొదలుపెట్టాడు.

పార్వతమ్మకు మిషన్ దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కన కూర్చున్న బాలమణి కోపం ఇంకా చల్లారలేదు.

"ఫోన్‌ల పిల్లకు చెప్పకపోతివి. నాకన్న చెప్పొద్దా అత్తా?"

"ఎప్పుడు చెప్పాలె బిడ్డా?" పార్వతమ్మ గొంతు సన్నగా వచ్చింది. "కొడుకేమో పుణెల ఇటుకలు మోస్తుండు. నువ్వు బడిల అన్నం వండొచ్చి మళ్ల చేన్లకు ఉరుకుతవ్. గీ కాళ్ల బాధ గూడ నీ నెత్తినే పెట్టాల్నా?"

బాలమణి అత్త కాళ్ల వైపు చూసింది. తను మాత్రం రోజూ పొద్దున అడగడం లేదూ, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, మంచిగున్నవా అత్తా అని? జవాబు వినకుండానే వెళ్లిపోవడం లేదూ? ఆ ఫోన్ అడిగినట్టే తనూ అడిగింది... కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

సోమవారం పొద్దున మళ్లీ ఫోన్ వచ్చింది. పార్వతమ్మ తడబడుతూ రెండు నొక్కి, "ఏమనుకోకు బిడ్డా" అని ఆ ఫోన్‌కే చెప్పి పెట్టేసింది. బడికి బయలుదేరుతున్న బాలమణి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. మంచం మీద కూర్చుని అత్త కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది.

"ఎట్లున్నది అత్తా?"

"మంచిగ..." పార్వతమ్మ ఆగిపోయింది. "మంచిగ లేదు బిడ్డా."

బడికి వేళ మించిపోతోంది. బాలమణి లేవలేదు. బొటనవేలితో అత్త పాదాన్ని మెల్లగా ఒత్తి చూసింది.