గుడ్లగూబకు కళ్ళద్దాలు

లంచ్ బెల్ మోగినా గడుగ్గాయి క్లాసులోంచి కదల్లేదు. ఆ పేరు నాన్నమ్మ పెట్టింది, బడిలోనూ అదే స్థిరపడిపోయింది. రేపటి నాటకానికి మాస్కులు చేసే పని తనదే. ముందుగా గుడ్లగూబ. గుడ్ల ట్రే కత్తిరించి కళ్ళు చేసింది. పాత న్యూస్‌పేపర్ ముక్కలు ఈకలయ్యాయి. గిన్నెలు తోమే పీచు కనుబొమలైంది. మాటిమాటికీ మాస్కును తన మొహానికి పెట్టుకుని, చేతి అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

గుడ్లగూబ వేషం మాత్రం పిచ్చుకది. పిచ్చుక అంటే పక్క బెంచీ స్నేహితుడు. మనిషి పిట్టంత, కళ్ళద్దాలు మాత్రం మొహమంత.

మధ్యాహ్నం రిహార్సల్ మొదలైంది. పిచ్చుక కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మాస్క్ తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. రెండడుగులు వేశాడో లేదో, స్టూలుకు తగిలి దబ్బున పడ్డాడు. మాస్క్ ముక్కు సొట్టపోయింది.

"చూసుకుని నడవొద్దా? నా కష్టమంతా మట్టిపాలు చేశావ్" అని కసిరింది గడుగ్గాయి.

"సారీ" అన్నాడు పిచ్చుక, మోకాలు రుద్దుకుంటూ.

టీచర్ వాణ్ణి లేపి, "నీ కళ్ళద్దాలేవిరా?" అని అడిగింది.

"మాస్క్ లోపల పట్టలేదు టీచర్."

"ముందే చెప్పొచ్చుగా?"

పిచ్చుక నసిగాడు. "తను అన్నం కూడా తినకుండా చేసింది టీచర్. పట్టలేదంటే బాధపడుతుందని..."

గడుగ్గాయి సొట్టపోయిన మాస్కును చేతిలోకి తీసుకుంది. వాడి మాస్కుకు తన మొహం కొలత పెట్టింది తను. పైగా వాడినే కసిరింది. వాడు మాత్రం తన మనసు నొప్పించకూడదని, ఏమీ సరిగ్గా కనబడకపోయినా స్టేజీ ఎక్కాడు. ఇలాంటి స్నేహితుడు ఉన్నందుకు ఎంత సంతోషం కలిగిందో, తిట్టినందుకు అంత సిగ్గేసింది.

"కొంచెం ఆగండి టీచర్" అని కత్తెర తీసుకుంది. అంత ముద్దొచ్చే గుడ్ల ట్రే కళ్ళను కరకరా కత్తిరించేసింది.

"అయ్యో, ఎందుకు పాడుచేస్తున్నావ్?" అన్నాడు పిచ్చుక.

"మాట్లాడకుండా కూర్చో. అద్దాలు పెట్టుకో."

కళ్ళద్దాల మీదుగా ఈ చెవి నుంచి ఆ చెవిదాకా దారంతో కొలిచింది. అట్టముక్కలు ఎత్తుగా అతికించింది. కొత్త కళ్ళు కాస్త వంకరగానే వచ్చాయి.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

పిచ్చుక మాస్కులోంచి అటూ ఇటూ చూశాడు. "స్టూలు కనిపిస్తోంది. టీచర్ కనిపిస్తోంది. నీ ముక్కు మీద గమ్ము కూడా కనిపిస్తోంది."

గడుగ్గాయి ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "థాంక్స్ రా."

"నేను కదా చెప్పాలి?"

"ఊరుకో" అంటూ సింహం వేషం వేసే అబ్బాయి వైపు తిరిగింది. "నువ్విలా వచ్చి కూర్చో. ముందు నీ మొహం కొలవాలి."